నెపం మాటలు

కుక్కర్ విజిల్ వేయకూడదు. ఆ ఇంట్లో అది చట్టం. పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా ముందుగదిలో ఎవరో ఒకరు కూర్చుని తమ బతుకు ఎక్కడ ఆగిపోయిందో చెప్పుకుంటూ ఉంటారు. సరిగ్గా వాళ్ళ గొంతు పూడుకుపోయే సమయానికి వంటింట్లోంచి కుక్కర్ కూత పెడితే, వచ్చే ఏడుపు కాస్తా వెనక్కి పోతుందట. వెనక్కి పోయిన ఏడుపుని మళ్ళీ రప్పించడానికి ఇంకో సెషన్ పడుతుందట. ఇది భర్తగారి ఉవాచ. అందుకని ఆమె పొయ్యి దగ్గరే కాపలా నిలబడి, ఆవిరి తన్నుకొచ్చే ముందే గరిటె కాడతో వెయిట్ కాస్త ఎత్తిపట్టి, బుస్సుమని కూడా అననివ్వకుండా కొంచెం కొంచెంగా వదిలేస్తూ ఉంటుంది. మిక్సీ మాట సరేసరి. నూనెలో ఏం వేసినా చిటపటమంటుంది కాబట్టి అదీ జనం వెళ్ళాకే. ఎవరి ఏడుపు వాళ్ళు హాయిగా ఏడవాలంటే ఆమె అన్నమూ కూరా నోరు మూసుకుని ఉడకాలి.

పైగా ఆ వంటింటికి ఒకటే తలుపు. అది ముందుగదిలోకే తెరుచుకుంటుంది. సెషన్ మొదలైతే ఆ తలుపు మూసేస్తారు, మూశాక తెరవకూడదు. లోపల ఉన్న మనిషి లోపలే. బాత్రూమ్‌కి పోవాలన్నా ముందుగది దాటాలి కనక ఆమె పొద్దునపూట మంచినీళ్ళు తాగడమే తగ్గించేసింది. ఒకప్పుడు ఈమే బిల్డింగ్ ప్లాన్లు గీసే ఆఫీసులో డ్రాఫ్టింగ్ బల్ల ముందు కూర్చునేది. వంటింటికి రెండో దారి లేని ప్లాన్ ఎవరైనా పట్టుకొస్తే "ఇది వంటిల్లా, జైలా?" అని ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసేది. ఇప్పుడు అలాంటి గదిలోనే నిలబడి కుక్కర్‌ని బుజ్జగిస్తోంది. నవ్వాలో ఏడవాలో తెలియక, ఏడిస్తే బయటికి వినిపిస్తుందని, ఎక్కువగా నవ్వుకుంటూ ఉంటుంది.

ఆమె భర్తని బయట అందరూ కోచ్ గారంటారు. ఆటల కోచ్ కాదు, బతుకుల కోచ్. ఒక కంపెనీలో అమ్మకాల విభాగంలో పనిచేస్తూ, పైవాళ్ళతో పడక బయటికొచ్చి, ఎక్కడో శిక్షణ తీసుకుని, ఇంటి గుమ్మం మీద బోర్డు పెట్టాడు: "మీరు ఎక్కడ ఇరుక్కుపోయారు? రండి, మాట్లాడుకుందాం." ఆ బిల్డింగ్‌లో లిఫ్ట్ ఆగిపోయినప్పుడల్లా "కోచ్ గారిని పిలవండి" అని పైఅంతస్తుల వాళ్ళు జోకులేస్తారు. ఆయన మాత్రం నవ్వడు. ఆ పని మీద ఆయనకి నిజంగానే గురి. జనానికి కూడా గురి కుదిరింది. ఉద్యోగంలో ఎదుగూబొదుగూ లేనివాళ్ళు, వ్యాపారం నడవనివాళ్ళు, పెళ్ళిళ్ళలో ఊపిరాడనివాళ్ళు వరస కట్టి వస్తారు. ఊరందరికీ దారి చూపించే మనిషి తన ఇంట్లో వంటింటి తలుపు మూసి ఉందని మాత్రం గమనించడు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆయన పద్ధతికి పునాది ఒకటే. ఏ మాట చెప్పినా "నేను"తో మొదలుపెట్టాలి. ఎదుటివాడు ఏం చేశాడన్నది చెప్పకూడదు. చెబితే అది నెపం మాట. నెపం మాటలు మనిషిని కదలనివ్వవు, "నేను" అన్నప్పుడే చక్రం తిరుగుతుంది, అంటాడు. వచ్చేవాళ్ళు ప్రతివారం తమ సంగతులు ఫోన్‌లో వాయిస్ మెసేజీలుగా పంపాలి. వాటిని విని, టైపు చేసి, నెపం మాటలన్నీ దిద్ది, మళ్ళీ వాళ్ళకి పంపే పని ఆమెది. జీతం లేదు, పేరు లేదు. పైగా "ఇంట్లోనే కదా, కూర్చుని చేసే పనే కదా" అన్న మాట ఒకటి. కూర్చుంటే కదా. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను. అపాయింట్‌మెంట్లు రాసుకోవడం, టీలు పెట్టడం, టిష్యూ డబ్బా నిండుగా ఉందో లేదో చూసుకోవడం కూడా ఆమె ఖాతాలోనే.

దిద్దీ దిద్దీ ఆమెకొక సంగతి తెలిసింది. బ్యాంకులో పనిచేసే ఒకావిడ పంపింది: "మా ఆయన నన్ను మా అక్కతో మాట్లాడనివ్వరు." పద్ధతి ప్రకారం దాన్ని "నేను మా అక్కతో మాట్లాడటం లేదు" అని మార్చాలి. మార్చింది. ఏడిపించారు అని వస్తే ఏడ్చాను అని దిద్దాలి. రాజీనామా చేయించారు అంటే చేశాను. మాన్పించారు అంటే మానేశాను. పెద్ద పనేం కాదు. మధ్యలో ఉన్న ఆ "ఇంచు"ని పీకేస్తే చాలు, చేసినవాళ్ళందరూ మాయమైపోతారు. మిగిలేది పడినవాళ్ళు ఒక్కరే. ఇంత చిన్న కత్తిరింపుతో ఇంతమందిని తప్పించేయొచ్చని ఆమెకి అప్పటిదాకా తెలియదు. తెలిశాక ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. అయినా దిద్దుతూనే ఉంది, పని కదా మరి.

అన్నిటికంటే మండేది ఇంకొకటి. కోచ్ గారి ఉపన్యాసాల్లో అన్నిటికన్నా చప్పట్లు పడే కథ ఆమెదే.

"ఒక స్త్రీ ఉండేది" అని మొదలుపెడతాడాయన. గొంతు తగ్గిస్తాడు. "మంచి ఉద్యోగం. కానీ లోపల సంతోషం లేదు. రోజూ ఆఫీసు బాత్రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చేది. ఒకరోజు నేను ఆమెని ఒక్క ప్రశ్న అడిగాను: నువ్వు ఎక్కడ ఇరుక్కుపోయావు? ఆమె రాత్రంతా ఆలోచించింది. తెల్లవారి లేచి, నేను మానేస్తున్నాను, అంది. ఆ స్త్రీ ఎవరో కాదు, నా భార్య." ఇక్కడ ఆగుతాడు. చప్పట్లు. వెనక కుర్చీలు సర్దుతూనో మంచినీళ్ళ సీసాలు పెడుతూనో ఉన్న ఆమె వైపు జనం తలలు తిప్పుతారు. ఆమె నవ్వాలి. నవ్వుతుంది.

అసలు జరిగింది వేరే. అప్పుడు అత్తగారికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. పనిమనిషిని పెట్టుకుందామని ఆమె అంటే "కన్నకొడుకు ఇంట్లో పరాయిది నన్ను పట్టుకుని నడిపించాలా" అని అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కొన్నాళ్ళే కదా" అన్నాడు భర్త. "పెద్ద ఉద్యోగమా ఏమన్నానా, గీతలు గీసేదేగా" అని కూడా అన్నాడు. రాజీనామా ఆయనే టైపు చేసి "ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు" అని వేలు పెట్టి చూపించాడు. బాత్రూమ్‌లో ఏడ్చిన మాట నిజమే. అది చివరి రోజు. తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉండటం ఆయన చూశాడు. ఆ ఒక్కరోజు ఏడుపుని ఆయన అన్ని రోజులకీ పంచేశాడు. ఆ కొన్నాళ్ళు తొమ్మిదేళ్ళయ్యాయి. అత్తగారు ఇప్పుడు పొద్దునా సాయంత్రం పార్కు చుట్టూ తిరిగొస్తుంది. మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నది కోడలికి.

ఆ వారం మధ్యలో, ముందుగదిలో ఎవరో పెద్దమనిషి తన తమ్ముడి సంగతి చెబుతూ సరిగ్గా గొంతు పూడుకుపోయే దగ్గరికొచ్చాడు. లోపల ఆమె ఫోను వణికింది. గరిటె కాడతో కుక్కర్ వెయిట్ ఎత్తిపట్టుకునే, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుంది. అవతల పాత ఆఫీసులో ఆమె పైఅధికారి. అందరూ ఇంజనీరమ్మ అనేవాళ్ళు.

"ఏం చేస్తున్నావు?" అంది ఇంజనీరమ్మ.

"కుక్కర్ నోరు మూస్తున్నానండి" అంది ఆమె గుసగుసగా.

"గుసగుసలేంటి, ఒంట్లో బాగాలేదా? సరే విను. స్కూల్ బిల్డింగ్ ఒకటొచ్చింది. మూడంతస్తులు, అన్నీ పిల్లలు ఎక్కే మెట్లు. కుర్రాళ్ళు గీసింది చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. సోమవారం నుంచి రా."

"తొమ్మిదేళ్ళయిందండి. ఇప్పుడన్నీ కంప్యూటర్‌లోనే కదా."

"కంప్యూటర్ నేర్పేవాళ్ళు వీధికొకరున్నారు. మెట్లు ఎక్కడ మలుపు తిప్పాలో నేర్పడానికి నాకు ఓపిక లేదు. ఆదివారం సాయంత్రంలోగా చెప్పు. లేకపోతే ఇంకొకర్ని తీసుకోవాలి, నన్ను తిట్టుకోకు."

ఫోను పెట్టేశాక ఆమె చెయ్యి పట్టు తప్పింది. కుక్కర్ ఇల్లదిరేలా కూత పెట్టింది. ముందుగదిలో పెద్దమనిషి మాట ఆగిపోయింది. ఆ రోజు సెషన్ పాడైంది. "ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి చెప్పాను నీకు" అని భర్త ఆ పూటంతా ముఖం మాడ్చుకుని తిరిగాడు. ఆమెకి మాత్రం చాలా రోజుల తరవాత ఆకలేసింది. గిన్నెలోంచే రెండు ముద్దలు తినేసింది.

భోజనాల దగ్గర చెప్పింది. "ఇంజనీరమ్మ ఫోన్ చేసింది. సోమవారం నుంచి రమ్మంటోంది."

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"ఆఫీసుకి. ఇంకెక్కడికి?"

ఆయన ముద్ద కలపడం ఆపాడు. కోపం రాలేదు. ఆయనకి కోపం రాదు. శిక్షణలో అది మాన్పించేశారు. దాని బదులు ఒక నెమ్మదితనం నేర్పారు, అది కోపం కంటే హింస. "మంచిదే. కానీ ఆలోచించు. ఆదివారం పెద్ద వర్క్‌షాప్. హాలు తీసుకున్నాం, వీడియో తీయిస్తున్నాం. మొత్తానికి నీ కథే గుండెకాయ. స్టేజీ మీదికొచ్చి నీ నోటితో చెప్పబోతున్నావు. అలాంటిది సోమవారమే మళ్ళీ వెళ్ళి ఆ ఉద్యోగంలోనే కూర్చుంటే నా కథేమవుతుంది?"

నీ కథ అని మొదలుపెట్టి నా కథ అని ముగించాడు. ఆయనకి తెలియలేదు. ఆమెకి తెలిసింది.

"ఏమవుతుంది? మారుతుంది" అంది.

"నీలో ఏదో భయం పనిచేస్తోంది" అన్నాడాయన, ముందుగదిలో అందరితో మాట్లాడే గొంతుతో. "పాత చోటికి పరిగెత్తాలనిపిస్తోందంటే లోపల ఏదో ఉంది. నిన్ను నువ్వు అడుగు. నాకేం కావాలి?"

"నాకు ఉద్యోగం కావాలి."

"అది పైపైన. దాని కింద ఏముంది?"

"దాని కింద కూడా ఉద్యోగమే ఉందండి."

ఆయన నిట్టూర్చి, పాపం ఇంకా సిద్ధంగా లేదు అన్నట్టు చూశాడు. ఆ చూపు చూసినప్పుడల్లా ఆమెకి చేతిలో ఉన్నది నేలకేసి కొట్టాలనిపిస్తుంది. చేతిలో ఉన్నది ఎప్పుడూ తనే తోముకోవలసిన గిన్నె కాబట్టి కొట్టదు.

అత్తగారు అందుకుంది. ఆవిడకి చెవులు కొంచెం మందం. ఇంట్లో మాట వీధికి వినిపించేలా మాట్లాడుతుంది. "మరి నా మధ్యాహ్నం మాత్ర?"

"డబ్బాలో పెట్టి వెళ్తాను అత్తయ్యా."

"పెడతావులే. మింగించేదెవరు?"

నోట్లో వేసుకుని నీళ్ళు తాగితే అదే దిగుతుంది అత్తయ్యా అనబోయి ఊరుకుంది. ముసలావిడ చెడ్డది కాదు. కూర్చున్న చోటికి అన్నీ రావడం అలవాటైపోయింది, అంతే. ఎవరికైనా అలవాటవుతుంది. తనకి తప్ప, అనుకుంది ఆమె.

ఆ పూట ఆమె టైపు చేయాల్సిన వాటిలో ఆదివారం తను చెప్పాల్సిన నాలుగు మాటలు కూడా ఉన్నాయి. ఆయన చెబుతుంటే టైపు చేసింది. "నేను భయంలో ఇరుక్కుపోయాను. నేను ఉద్యోగం మానేశాను. ఆ రోజే నా జీవితం కదిలింది." ఎవరిదో పరాయి మనిషిది దిద్దినట్టే, చెయ్యి ఎక్కడా తడబడకుండా "మానేశాను" అని టైపు కొట్టేసింది. కొట్టాక ఆ అక్షరాలకేసి చూస్తూ ఉండిపోయింది. అలవాటు ఎంత పాడుదో అనిపించింది. ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ మాటల్లోంచి పీకి పీకి, చివరికి తన మాటలోంచి కూడా తనే పీకేసుకుంది. పీకుతుంటే నొప్పి కూడా పుట్టలేదు. ఆ నొప్పి పుట్టకపోవడం చూస్తేనే భయం వేసింది.

శనివారం హాస్టల్ నుంచి కూతురు ఫోన్ చేసింది. కాలేజీలో చేరిన కొత్త. మాటలన్నీ పరుగులే.

"అమ్మా, మా రూమ్మేట్‌కి నాన్న పాత వీడియో చూపించాను. నీ కథ విని ఏడ్చేసింది తెలుసా."

"ఏడ్చిందా?"

"మరి. అమ్మా, నువ్వు నిజంగా రోజూ ఆఫీసు బాత్రూమ్‌లో ఏడ్చేదానివా? నాకెప్పుడూ చెప్పలేదేం? మంచి పని చేశావులే మానేసి. నేనైతే నచ్చని పని ఒక్కరోజు కూడా చేయను."

ఇదే పిల్ల, చిన్నప్పుడు స్కూల్ అవగానే ఆఫీసుకొచ్చేది. డ్రాఫ్టింగ్ బల్ల కింద కూర్చుని, తల్లి పారేసిన ప్లాన్ల వెనక బొమ్మలేసుకునేది. పైనుంచి ఆమె ఈలపాట వినిపించేది. పని కుదిరినప్పుడు ఆమె ఈల వేసేది. "అమ్మ ఈలేస్తోందంటే మెట్లు కుదిరాయన్న మాట" అని ఇంజనీరమ్మకి చాడీలు చెప్పింది ఈ పిల్లే. ఇప్పుడు దానికేమీ గుర్తు లేదు. గుర్తున్నది నాన్న చెప్పిన అమ్మ.

"నీకు నా ఈలపాట గుర్తుందా?" అని అడిగింది.

"నీకు ఈలెయ్యడం వచ్చా?" అంది కూతురు ఆశ్చర్యంగా. అంతలో ఎవరో పిలిస్తే మళ్ళీ చేస్తానని పెట్టేసింది.

మొగుడు నమ్మితే నమ్మాడు, చెప్పగా చెప్పగా ఆయనకే నిజమనిపించి ఉంటుంది. లోకం నమ్మితే నమ్మింది, దానికేం పోయింది. కడుపున పుట్టింది కూడా నమ్మేసిందంటే ఇక ఆ అబద్ధానిదే ఇల్లు. తను అందులో అద్దెకుంటున్నట్టు. రేపు పిల్ల కూడా ఎక్కడో ఒకచోట "మా అమ్మకి ఉద్యోగమంటే ఇష్టం లేదు" అని చెబుతుంది. ఆమె నిలబడ్డ చోటే గోడకి ఆనుకుని చాలాసేపు కోపంతో ఏడ్చింది. ఆ టైములో ముందుగదిలో ఎవరూ లేరు కనక బిగ్గరగానే ఏడ్చింది.

ఆదివారం హాలు నిండింది. ఆమె పొద్దున్నే వెళ్ళి కుర్చీలు వేయించింది, పేర్ల చీటీలు పంచింది, మైకు పనిచేస్తోందో లేదో "హలో, హలో" అని చూసింది. భర్త చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చిందీ ఆమే, దాని కాలర్ సరిచేసిందీ ఆమే. అత్తగారు ముందు వరసలో కొత్త బట్టలు కట్టుకుని కూర్చుంది. కొడుకు స్టేజీ మీద ఉంటే ఆవిడ ముఖం వెలిగిపోతుంది.

మొదట బ్యాంకావిడని లేపాడాయన. చేతిలో మైకు పెట్టి, మీ సంగతి చెప్పండి అన్నాడు. ఆవిడ సన్నగా మొదలుపెట్టింది. "మా ఆయన నన్ను మా అక్కతో..."

"ఆగండి" అన్నాడాయన నవ్వుతూ. "ఎవరితో మొదలుపెట్టారు?"

జనం నవ్వారు. బ్యాంకావిడ ముఖం ఎర్రబడింది. "నేను..." అంది. "నేను మా అక్కతో మాట్లాడటం లేదు."

"అద్భుతం. ఇప్పుడు తాళంచెవి మీ చేతికొచ్చింది." చప్పట్లు. బ్యాంకావిడ కూర్చుంది. తాళంచెవి చేతికొచ్చిన మనిషిలా లేదు. చీవాట్లు తిన్న మనిషిలా, మైకు పట్టుకున్న చేతినే చూసుకుంటూ ఉంది. గోడ పక్కన మంచినీళ్ళ సీసాలతో నిలబడ్డ ఆమెకి అది బాగా కనిపించింది. ఆ రెండో వాక్యం తను దిద్దిందే.

తరవాత ఆయన కథ మొదలైంది. ఒక స్త్రీ ఉండేది. మంచి ఉద్యోగం. లోపల సంతోషం లేదు. గొంతు తగ్గింది, హాలు నిశ్శబ్దమైంది. "...తెల్లవారి లేచి, నేను మానేస్తున్నాను, అంది" అన్నాడు. చెప్పి, అలవాటు ప్రకారం ఆగాడు.

ఆ ఆగిన చోట, ముందు వరసలో అత్తగారు పక్కావిడ చెవిలో చెప్పాననుకుని హాలంతటికీ చెప్పింది. "తనెక్కడ మానేసింది? మేమే మాన్పించాం. నాకు రెండు మోకాళ్ళూ ఆపరేషన్ కదమ్మా. పాపం, ఆ ఉద్యోగమంటే దానికి ప్రాణం. అన్నం కూడా తినలేదు కొన్నాళ్ళు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో ఉష్ అన్నారు. ఆవిడకి ఏ చప్పుడూ వినపడలేదు, పక్కావిడకి మోకాలు చూపిస్తోంది. ముసలావిడ నిజం చెప్పాలని చెప్పలేదు. ఆపరేషన్ గొప్ప చెప్పుకోబోతే నిజం దొర్లిపోయింది. పద్ధతి తెలియని మనిషి కదా, ఆవిడ మాటల్ని దిద్దేవాళ్ళెవరూ లేరు. తొమ్మిదేళ్ళలో తన కథలో ఆ "ఇంచు" ఆమె చెవిన పడటం అదే మొదలు. అదీ అత్తగారి నోట. గోడ పక్కన ఆమె సీసాలు కింద పెట్టేసింది.

"మా అమ్మ పాతకాలం మనిషి" అన్నాడు కోచ్ గారు, నవ్వు అతికించుకుని. "ఆమెనే అడుగుదాం. రా, పైకి రా. ఆ రోజు నువ్వేం చేశావో నీ మాటల్లో చెప్పు."

ఆమె మెట్లెక్కింది. ఆ మెట్లు ఎవరు గీశారో గాని ఒక్కోటి ఒక్కో ఎత్తు. మైకు తీసుకుంది. చెప్పాల్సిన నాలుగు మాటలు నాలుక చివరే ఉన్నాయి. తనే టైపు చేసింది, తనే బట్టీ పట్టింది. చెబితే చప్పట్లు పడతాయి, భోజనాలవుతాయి, సాయంత్రం అవుతుంది, ఇంజనీరమ్మ ఇంకొకర్ని తీసుకుంటుంది. వీడియో పిల్లకి చేరుతుంది. అమ్మే స్వయంగా చెప్పింది కదా అనుకుంటుంది పిల్ల.

"నేను మానలేదండి" అంది. గొంతు తనదేనా అన్నంత పెద్దగా వచ్చింది. "మాన్పించారు. మా అత్తగారు చెప్పిందే నిజం. రాజీనామా మావారు టైపు చేశారు, నేను సంతకం పెట్టాను. ఆ పని నాకు చాలా ఇష్టం. బాత్రూమ్‌లో ఏడ్చింది ఒక్కరోజే, అది చివరి రోజు." కాస్త ఊపిరి తీసుకుంది. "రేపటి నుంచి మళ్ళీ వెళ్తున్నాను."

కోచ్ గారి ముఖంలో రంగు పోయింది, మళ్ళీ వచ్చింది. ఎంతైనా ఆయన తన పనిలో ఘటికుడు. కింద పడ్డా పైచెయ్యి ఆయనదే. మైకు ఆమె చేతిలోంచి మెల్లిగా తీసుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేసి, జనం వైపు తిరిగాడు.

"చూశారా? ఇంత నిజాయితీగా మాట్లాడాలంటే ఎంత ధైర్యం కావాలి? ఇదీ కదలిక. మీ అందరి ముందూ చెబుతున్నాను. రేపు నా భార్యని నేనే ఉద్యోగానికి పంపిస్తున్నాను."

చప్పట్లు. అన్ని రోజుల కంటే ఎక్కువ చప్పట్లు. కొందరు లేచి నిలబడి కొట్టారు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మాన్పించినప్పుడు లేని "ఇంచు", పంపించేటప్పుడు ఎంత ముద్దుగా వచ్చి కూర్చుంది నోట్లో. చెడు జరిగితే ఆమె చేసుకుంది. మంచి జరిగితే ఆయన చేయించాడు. ఆమె మెట్లు దిగి, తిన్నగా వరండాలోకి నడిచి ఫోన్ తీసింది.

"వస్తున్నానండి రేపు" అంది.

"తొమ్మిదిన్నరకల్లా రా, ఆలస్యం చేస్తే ఊరుకోను" అని పెట్టేసింది ఇంజనీరమ్మ. అంతే. అంత తేలికైన మాట కోసం ఇన్ని రోజులు తాత్సారం చేసినందుకు ఆమెకి తన మీదే విసుగేసింది.

భోజనాల దగ్గర ఒక్కొక్కరే వచ్చి పలకరించారు. "అదృష్టవంతులు మేడమ్. అలా పంపించే మనసు ఎంతమంది మగాళ్ళకుంటుంది" అని ఒకాయన. "మా వాడు మొదట్నుంచీ అంతే, ఆడవాళ్ళ మాటకి అడ్డు చెప్పడు" అని కూర్చున్న చోటినుంచే అత్తగారు. వాళ్ళందరూ వెళ్ళాక బ్యాంకావిడ ప్లేటు పట్టుకుని పక్కకొచ్చి నిలబడింది. ప్లేటులో కూర కలిపింది.

"మేడమ్, నేను పొద్దున మొదట అనబోయిన మాట ఉంది చూశారూ" అంది, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి. "అదే కరెక్టు కదా?"

"అదే కరెక్టు" అంది ఆమె. "రెండోది నేను దిద్దింది. దాన్ని నమ్మకండి."

బ్యాంకావిడ తలూపింది. ఏదో అడగబోతుండగా కోచ్ గారు వీడియో తీసేవాడిని వెంటేసుకుని ఉత్సాహంగా వచ్చేశాడు. ముఖంలో కోపం నీడ కూడా లేదు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు.

"నేనే ఊహించలేదోయ్, అంత బాగా వచ్చింది" అన్నాడు. "హాలు హాలంతా లేచింది చూశావా? రెండో పూట మొదట్లో నీది ఇంకోసారి తీద్దాం. మాన్పించారు, సంతకం, అమ్మ అన్నది, అవన్నీ ఎడిటింగ్‌లో తీసేయొచ్చు. చివర్లో వెళ్తున్నాను అన్నావు కదా, అక్కడ 'మావారు పంపిస్తున్నారు' అను చాలు. ఒక్క మాటేగా, ఏం పోయింది?"

ఆమె ప్లేటు బల్ల మీద పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఆయన కళ్ళలోకి చూసింది.

"ఒక్క మాటేనండి" అంది. "కానీ నన్నెవరూ పంపించడం లేదు. నేను వెళ్తున్నాను."